పూసగుచ్చే చేతులు

ఏదైనా సంగతిని ఒక్కటీ విడవకుండా వరసగా చెప్పమనడానికి మనం ‘పూసగుచ్చినట్టు చెప్పు’ అంటాం. బడిలో పాతికేళ్ళకు పైగా పాఠాలు చెబుతూ పిల్లలతో ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఒకరోజు ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, “పూస గుచ్చడమంటే ఎలా టీచర్?” అని అడిగింది. క్లాసులో చేతులెత్తమంటే, ఎప్పుడైనా చేత్తో పూస గుచ్చినవాళ్ళు నలుగురే తేలారు. తెలియని పని పేరు పెట్టి తెలియని పని చేయమంటున్నానన్నమాట. మర్నాడు ఇంట్లో ఉన్న నా పూసల డబ్బా పట్టుకుని బడికి వెళ్ళాను. ఈ వ్యాసం ఆ డబ్బా గురించే.

పూసల పని నాకు సరదాగా అబ్బిన విద్య. దానితో నేనెప్పుడూ డబ్బు సంపాదించలేదు. చేసినవన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేశాను. ఈద్‌కి, నికాహ్‌కి, హజ్‌కి వెళ్ళేవారికి, బాలింతలని చూడబోయినప్పుడు, బదిలీ అయి వెళ్ళే తోటి టీచర్లకు ఇస్తూ వచ్చాను. మన సంచికలో చదువుల గురించి, వైద్య సాయం గురించి పెద్దలు రాస్తారు. ఈ చిన్న విషయానికి ఇక్కడేం పని అని మీకు అనిపించవచ్చు. ఓపికగా చివరిదాకా చదవమని మనవి.

మన ఇళ్ళలో పూస

నా చిన్నతనంలో వేసవి సెలవులంటే మా రెడ్డిగూడెం వైపు రెండే పనులు. మగపిల్లలు మామిడి తోటల్లో తిరిగేవాళ్ళు. ఆడపిల్లలం అరుగుల మీద కూర్చుని వైరు బుట్టలు అల్లేవాళ్ళం, పూసల బొమ్మలు చేసేవాళ్ళం. తంగూసు దారంతో గుచ్చిన ప్లాస్టిక్ పూసల చిలక, ద్రాక్షగుత్తి, గుమ్మానికి వేలాడే పూసల తెర లేని ఇల్లు ఉండేది కాదు. మా అమ్మీ క్రోషియాతో జాలీ అల్లి, అంచున గాజు పూసలు కుట్టి పాలగిన్నె మీద కప్పేది. ఆ పూసల బరువుకి జాలీ గాలికి లేచేది కాదు. అందానికి పెట్టిన పూస పని కూడా చేసేది.

పూస ఏ ఒక్క మతానిదీ కాదు. తెలుగు ఇళ్ళలో పెళ్ళికూతురికి నల్లపూసలు కడతారు. హైదరాబాదు వైపు మన నికాహ్‌లలో అవే నల్లపూసలతో చేసిన కాలీపోత్ లచ్ఛా వేస్తారు. ఎ.కొండూరు వైపు తండాల్లో లంబాడీ అక్కచెల్లెళ్ళు రవికలకి అద్దాలతో పాటు పూసలు, గవ్వలు కుడతారు. చాలారోజులకు కనిపించిన మనిషిని ‘నల్లపూసవైపోయావే’ అని పలకరించే అలవాటు మన అందరి ఇళ్ళలోనూ ఉంది.

పూస ఎక్కడి నుంచి వస్తుంది?

పిల్లలకి ఏ వస్తువు ఇచ్చినా అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పాలన్నది నా పద్ధతి. ఇప్పుడు బజారులో దొరికే చిట్టి పూసల్లో ఎక్కువ యంత్రాల మీద తయారైనవే. అయితే గాజు పూసల్ని చేత్తో చేసే ఊరు మన రాష్ట్రంలోనే ఉందంటే చాలామంది నమ్మరు. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట ఆ ఊరు.

అక్కడి పద్ధతి ఇది. కొలిమిలో గాజుని కరిగిస్తారు. కరిగిన గాజుని పొడవాటి ఇనుప గొట్టం కొసన ముద్దగా చుట్టి, మధ్యలో బోలు ఉండేట్టు చేస్తారు. వేడి మీదున్న ఆ ముద్ద కొసని పట్టుకుని, తెగకుండా సన్నని గొట్టంగా లాగుతూ పోతారు. చల్లారిన గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ముక్కల అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి వాటిని బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తారు. అంచులు గుండ్రపడతాయి. రంధ్రాల్లో బూడిద ఉండటం వల్ల అవి పూడిపోవు. తరువాత జల్లెడ పట్టి సైజుల వారీగా వేరు చేస్తారు.

ఈ లాగుడు పూసల విద్య చాలా పాతది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో సుమారు రెండు వేల ఏళ్ళ కిందటే ఇలాంటి పూసలు చేశారు. అవి ఓడల మీద ఆగ్నేయాసియా దాకా వెళ్ళాయి. పూసల మీద పరిశోధన చేసిన అమెరికన్ పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టి, పాపానాయుడుపేట పనిని అరికమేడు పనితో పోల్చి చూశాడు. ఇది విన్నాక మా పిల్లలు కింద పడిన పూసని తొక్కుకుంటూ వెళ్ళడం మానేశారు. వంగి తీస్తారు.

ఏమేం కావాలి?

మొదలుపెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. విజయవాడ వన్‌టౌన్‌లో పూసలు తూకానికి దొరుకుతాయి. నందిగామ, జగ్గయ్యపేట ఫ్యాన్సీ షాపుల్లో పొట్లాల్లో అమ్ముతారు.

పూసలు: నేర్చుకునేవారికి 8 మిల్లీమీటర్ల పూస మంచిది. చేతికి ఆనుతుంది, రంధ్రం పెద్దది. చిట్టి పూసలకి నంబర్లు ఉంటాయి. ఇక్కడ నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 6 నంబరు సుమారు 4 మిల్లీమీటర్లు, 11 నంబరు సుమారు 2 మిల్లీమీటర్లు. చిట్టి పూసలు పిల్లలకి మొదట్లోనే ఇవ్వకండి. కళ్ళు లాగి పని మీద విసుగు పుడుతుంది.

దారం: తస్బీహ్‌కి మెలితిప్పిన నైలాన్ దారం, బొమ్మలకి తంగూసు, చేతి గొలుసులకి సాగే దారం. నూలు దారమైతే తేనెమైనం రాసి వాడితే త్వరగా నలగదు.

సూది: పూసల సూది దొరక్కపోతే దారం కొసకి రెండంగుళాల మేర గోళ్ళరంగు రాసి ఆరనివ్వండి. గట్టిపడిన ఆ కొసే సూది. చిన్నపిల్లలకి ఇదే క్షేమం కూడా.

పళ్ళెం: అంచున్న స్టీలు కంచంలో పాత తువ్వాలు పరిచి దాని మీద పూసలు పోయాలి. పూస దొర్లదు, చప్పుడు కాదు. మిగిలినవి దాచడానికి ఖాళీ మందు సీసాలు చాలు.

రెండు జాగ్రత్తలు తప్పవు. ఒకటి, పసిపిల్లలు తిరిగే చోట పూసలు వదలకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. సూదులు పనికి ముందు, పని అయ్యాక లెక్కపెట్టాలి. రెండు, పొలం గట్ల మీద దొరికే గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా మాల గుచ్చవద్దు. ఆ గింజ లోపలి పప్పు గట్టి విషం. పెంకు పగలకుండా ఉంటే ఒక సంగతి, రంధ్రం చేశామంటే విషానికి మనమే దారి తీసినట్టు.

మొదటి పాఠం: 33 పూసల తస్బీహ్

తస్బీహ్ వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడమే మేలని పెద్దలు చెబుతారు. మాల ఒక సాయం మాత్రమే. అయినా వయసు మళ్ళినవారికి, లెక్క తప్పేవారికి ఆ సాయం చిన్నది కాదు. నేర్చుకునేవారికి ఇంతకన్నా తేలికైన, ఉపయోగపడే పని నాకు తెలిసి మరొకటి లేదు.

కావలసినవి: 8 మిల్లీమీటర్ల పూసలు 33, మధ్యలో పెట్టే బిళ్ళలు 2, ఇమామ్ అని పిలిచే పొడవాటి పూస 1, కుచ్చుకి పట్టుదారం.

ముందు లెక్క వేయించాలి. 33 పూసలు ఒక్కొక్కటి 8 మిల్లీమీటర్లు అంటే 264 మిల్లీమీటర్లు, అంటే 26 సెంటీమీటర్ల పైచిలుకు. పూసలు వేలితో జరపాలి కాబట్టి మాలలో 3, 4 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ముడులకి, ఇమామ్‌కి, కుచ్చు కట్టడానికి రెండు కొసలా చెయ్యి ఆడేంత దారం కావాలి. అన్నీ కలిపి 60 సెంటీమీటర్లు కత్తిరించుకుంటే ఇబ్బంది ఉండదు. ‘కొంచెం ఎక్కువ ఉంటే కోసేయొచ్చు, తక్కువైతే అతకలేం’ అని మా అమ్మీ అనేది.

దారం ఒక కొసకి తాత్కాలికంగా ఒక ముడి వేయండి. 11 పూసలు గుచ్చి ఒక బిళ్ళ, మళ్ళీ 11 గుచ్చి ఒక బిళ్ళ, చివర 11. బిళ్ళలు లెక్కలోకి రావు. తాత్కాలికపు ముడి విప్పి, రెండు కొసల్నీ కలిపి ఇమామ్ పూసలోంచి ఒకే వైపుకి లాగండి. మాలలో వదలాల్సిన ఖాళీ వదిలి, ఇమామ్ కింద గట్టి ముడి వేయండి. నైలాన్ జారే దారం. అందుకని ముడి వేసేటప్పుడు ఒక మెలిక బదులు రెండు మెలికలు తిప్పి బిగించాలి. దాని మీద మరో ముడి. మిగిలిన కొసలకి పట్టుదారపు కుచ్చు కట్టి, కొసలు సమంగా కత్తిరించండి. మొదటిసారి చేసేవారికి రెండు గంటలు పట్టవచ్చు. చెయ్యి తిరిగాక ముప్పావుగంట.

మూడు చుట్లు తిరిగితే 99. నూరోది ఇమామ్ మీద. తిరగలి విసిరి విసిరి చేతులు కాయలు కాసిన బీబీ ఫాతిమాకి ప్రవక్త (స) నేర్పిన తస్బీహ్‌లో 33, 33, 34 కలిపితే వచ్చే నూరు ఇదే. పనిచేసి అలసిన చేతికి దక్కిన కానుక అని పిల్లలకి చెబుతాను.

మిగిలిన పూస

33 అనే సంఖ్య లెక్కల టీచరుకి ఒక వరం. రంగుల వరస వేసుకోమంటే పిల్లలు తోచిన వరస మొదలుపెడతారు. రెండు నీలం, ఒకటి తెలుపు అనుకున్నవాళ్ళకి 11 సార్లకి మాల సరిగ్గా పూర్తవుతుంది. మూడు నీలం, ఒకటి తెలుపు అనుకున్నవాళ్ళకి 8 సార్లు వచ్చాక ఒక పూస మిగులుతుంది. ఒకటీ, ముప్పైమూడూ కాక 33ని మూడూ పదకొండూ తప్ప మరేవీ భాగించవని బోర్డు మీద రాస్తే మరిచిపోతారు. పూస మిగిలితే మరిచిపోరు.

నేను మొదట చెప్పిన ఆ ఏడో తరగతి పిల్లకి ఎక్కాలు వచ్చేవి కావు. తండ్రి లేడు. తల్లి తోటల్లో కూలికి వెళుతుంది. ఆ పిల్ల పుస్తకాలు, బట్టలు దాతల సాయంతోనే వస్తాయి. తను మూడు నీలం, ఒక తెలుపు వరస ఎంచుకుంది. ఆ వరస చెడిపోతుందని మధ్యలో బిళ్ళలు వద్దంది. చివరికి ఒక పూస మిగిలింది. విప్పేసి రెండూ ఒకటీ వరస వేయమన్నాను. తల అడ్డంగా ఊపింది. నా డబ్బాలో వెతికి గరుకు చెక్కపూస ఒకటి తీసి, ముప్పైమూడోదిగా అది గుచ్చింది.

“అదేంటమ్మా?” అన్నాను.

“మా దాదీకి చూపు ఆనదు టీచర్. ఇమామ్ కూడా చూసుకోకుండా దాటేసి మళ్ళీ మొదలుపెడుతుంది. చివరి పూస గరుగ్గా ఉంటే ఇంకొక్కటే ఉందని వేలికి తెలుస్తుంది.”

నేను నేర్పాలనుకున్నది భాగహారం. శేషాన్ని ఏం చేయాలో ఆ పిల్ల నాకు నేర్పింది. ఆ తరువాత నుంచి పెద్దవాళ్ళ కోసం నేను చేసే తస్బీహ్‌లన్నిటికీ చివరి పూస గరుకుదే పెడుతున్నాను.

రెండో పాఠం: పాలగిన్నె జాలీ

క్రోషియా వచ్చినవాళ్ళు జాలీ అల్లుకోవచ్చు. రానివాళ్ళు పాత ఓణీ నెట్టు ముక్కని గుండ్రంగా కత్తిరించి అంచు మడిచి కుట్టుకున్నా సరిపోతుంది. అడ్డం 20 సెంటీమీటర్లు ఉన్న జాలీకి చుట్టుకొలత సుమారు 63 సెంటీమీటర్లు. మూడేసి సెంటీమీటర్లకి ఒక పూస చొప్పున 21 పూసలు. అంచు మీద ముందే సుద్దతో గుర్తులు పెట్టుకోవాలి. ఒక్కో పూస దగ్గర దారాన్ని వెనకవైపు ముడివేసి ముందుకి సాగాలి. అలా చేస్తే ఒక పూస తెగినా మిగతావి రాలవు. పూసలు గాజువే వాడండి. ప్లాస్టిక్ పూసకి బరువు చాలదు, ఫ్యాను గాలికి జాలీ లేచిపోతుంది.

కొత్త కాపురానికి వెళ్ళే పిల్లకి రెండు సైజుల్లో జాలీలు రెండు ఇచ్చి చూడండి. పెళ్ళిలో వచ్చిన గోడగడియారాలు అటక ఎక్కుతాయి. జాలీ రోజూ చేతిలో పడుతుంది. ఇదే పద్ధతిలో ఖురాన్ గిలాఫ్ అంచుకి, జానమాజ్ సంచి తాడు కొసలకి పూసలు కుట్టుకోవచ్చు. నమాజు చేసేచోట తగిలేట్టు మాత్రం కుట్టవద్దు.

అమ్మకం గురించి ఒక మాట

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. పిల్లల చేతులు కుదిరాక నాకూ ఆశ పుట్టింది. ఇరవై తస్బీహ్‌లు చేయించి పట్నంలో ఒక దుకాణానికి తీసుకెళ్ళాను, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని. ఒక్కోదానికి సరుకు 40 రూపాయలు అయింది. దుకాణదారు అటూ ఇటూ తిప్పి చూసి, యంత్రం మీద చేసినవి ఇంతకన్నా తక్కువకే వస్తున్నాయని, 50 ఇస్తానన్నాడు. అతని తప్పేమీ లేదు, వ్యాపారం అది. తిరుగు బస్సులో ఎక్కాలు రాని ఆ పిల్లే లెక్క కట్టింది. “రెండు గంటలకి పది రూపాయలు టీచర్. మా అమ్మకి తోటలో ఇంతకంటే చాలా ఎక్కువిస్తారు.”

తరువాతి వారం డబ్బా తెరిస్తే ముగ్గురు పిల్లలు రాలేదు. ఇష్టంగా చేస్తున్న పనికి నేనే ధర కట్టించి, దాన్ని చులకన చేశాను. మళ్ళీ వాళ్ళని కూర్చోబెట్టడానికి రెండు నెలలు పట్టింది.

అందుకే దాతలు “దీనివల్ల నెలకి ఎంత వస్తుంది?” అని అడిగితే దాపరికం లేకుండా చెబుతున్నాను. విడి పూసల పనితో ఇల్లు గడవదు. ఆడపిల్లలకి ఉపాధే కావాలంటే కుట్టుపని, జాకెట్ల మీద మగ్గం వర్క్ నేర్పించాలి. వాటికి చట్రం, ఆరి సూది, నెలల తరబడి శిక్షణ, పని తెచ్చే ఖాతాదారులు కావాలి. అది వేరే ఏర్పాటు, దానికి వేరే ఖర్చు. రెండిటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

మరి పూసలతో ఏం వస్తుంది? వేలికి నిలకడ, కంటికి వరస, లెక్కకి ఒక పట్టు వస్తాయి. అన్నిటికీ మించి, ఇవ్వడానికి చేతిలో ఒక వస్తువు వస్తుంది. ఈ చివరిది ఎంత పెద్ద విషయమో నాకు తెలిసిన రోజు గురించి చెప్పి ముగిస్తాను.

దాతలకు విన్నపం

ఒక ఏడు నోటుపుస్తకాలు పంచే రోజున ఆ పిల్ల వరసలో నిలబడింది. తన వంతు రాగానే పుస్తకాలు తీసుకుని చంకలో పెట్టుకుంది. రెండో చేతిలో దాచుకున్న తస్బీహ్ తీసి పంచుతున్న పెద్దాయనకి ఇచ్చింది. నీలం, తెలుపు పూసలు. చివరిది గరుకుది. ఆయన మంచి మనసుతోనే వెంటనే జేబులో చెయ్యి పెట్టి వంద నోటు తీశారు. పిల్ల చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది. ముఖం చిన్నబోయింది. కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. పెద్దాయనకి అర్థమైంది. నోటు జేబులో పెట్టేసుకుని, తస్బీహ్ కళ్ళకద్దుకుని, “జజాకల్లాహ్ బేటీ” అన్నారు. అప్పుడు నవ్వింది.

తీసుకునే చెయ్యి కంటే ఇచ్చే చెయ్యి మేలని మనమంతా వింటూ పెరిగాం. మనం ఇస్తూ ఉంటాం, వాళ్ళు తీసుకుంటూ ఉంటారు. ఆ పైచెయ్యి భాగ్యం ఎప్పుడూ మనకే ఉండాలా? ఒక్కరోజైనా వాళ్ళ చెయ్యి పైన ఉండాలంటే మన చెయ్యి కింద పెట్టాలి. పేదపిల్ల ఇచ్చింది మారు ఇవ్వకుండా, ధర కట్టకుండా తీసుకోవడం కూడా ఒక సాయమే.

మీరు చేయగలిగినవి నాలుగు చెబుతాను. మీ ఊరి బడికి ఒక పూసల డబ్బా ఇవ్వండి: 8 మిల్లీమీటర్ల పూసలు రెండు మూడు రంగుల్లో, కొన్ని గరుకు చెక్కపూసలు, నైలాన్ దారం ఉండలు రెండు, రెండు కత్తెరలు, ఒక కొలత టేపు. ఇంట్లో ఈ పని తెలిసిన అత్తమ్మలు, నానీలు ఉంటే వారానికి ఒక గంట బడికి పంపండి. డబ్బాకంటే వాళ్ళ విలువ ఎక్కువ. మీ ఇంట్లో తెగిన తస్బీహ్, తెగిన పూసల గొలుసు ఉంటే పారేయకుండా పంపండి, పిల్లలు తిరిగి గుచ్చి ఇస్తారు. ఎవరైనా పిల్ల మీకు తను చేసింది ఏదైనా ఇస్తే జేబులో చెయ్యి పెట్టకండి.

మరుసటి ఏడు ఆ పెద్దాయన మళ్ళీ పుస్తకాలు పంచడానికి వచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులోంచి తస్బీహ్ తీశారు. కుచ్చు మాసిపోయి ఉంది. చెక్కపూస గరుకు తగ్గి నున్నబడింది. ఆ పిల్ల వరసలోంచి దాన్ని చూసింది. పక్కనున్న పిల్ల చెవిలో ఏదో చెప్పింది. వరస తన దగ్గరికి వచ్చేసరికి ఆయనతో అంది, “కుచ్చు పాతదైపోయింది నానా, ఇవ్వండి, కొత్తది కట్టి తెస్తాను.”